కువైట్ ఎండలో కొత్తగా పనికి దిగాను, మొదటి వారం ఎలా గట్టెక్కాలి?

రాజంపేట కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది రాజంపేట దగ్గర పల్లె. ఈ వారమే కువైట్‌లో దిగాను. అహ్మదీ వైపు సైట్‌లో స్కఫోల్డింగ్ (బిల్డింగ్ చుట్టూ కట్టే పైపుల మంచె) హెల్పర్ పని. కడప ఎండల్లో పెరిగినోడినే గానీ ఇక్కడ గాలి తగిలితే ముఖం మండుతోంది. పొద్దున ఐదింటికి ఎక్కుతాం, పదకొండుకి దించేస్తారు, మళ్ళీ నాలుగు దాటాక పని. సాయంత్రానికి తలనొప్పి. రాత్రి పడుకుంటే పిక్కలు పట్టేస్తున్నాయి. నీళ్ళు బాగానే తాగుతున్నా. చెమట మాత్రం పెద్దగా కనపడటం లేదు, అదేందో అర్థం కావట్లేదు. ఫోర్‌మన్‌ని అడిగితే "రెండు రోజులు పోతే అలవాటైపోతుంది, ఉప్పు బిళ్ళ వేసుకో" అంటాడు. రూమ్‌లో ఒకాయన నొప్పుల బిళ్ళ ఇస్తే వేసుకున్నా, కొంచెం తగ్గింది. అది రోజూ వేసుకోవచ్చా? నీళ్ళు అసలు ఎన్ని తాగాలి? కొంచెం టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్ళు చెప్పండి.

దమ్మామ్ సేఫ్టీ అన్న:

తమ్మీ, నేను కరీంనగర్ వాణ్ణి, సౌదీలో సైట్ సేఫ్టీ చూస్తుంటా. మీ ఫోర్‌మన్ మాటలో సగం నిజమే. ఒళ్ళు వేడికి అలవాటు పడుతుంది, కానీ రెండు రోజుల్లో కాదు. వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ లోపల ఒంట్లో రక్తం పరిమాణం పెరుగుతుంది, చెమట తొందరగా పట్టడం మొదలవుతుంది, చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది. అందుకే పాత మనిషికి ఏమీ కాని ఎండలో కొత్త మనిషి పడిపోతాడు. వేడికి పని మీద ప్రాణం పోయేవాళ్ళలో ఎక్కువమంది మొదటి కొద్ది రోజుల్లోనే పోతున్నారు. ఊరి ఎండ తెలుసన్న ధీమా ఇక్కడ పనికిరాదు. విమానం ఎక్కేముందు నాలుగు రోజులు ఇంట్లో ఫ్యాను కిందే ఉండుంటావు కదా.

మేం సైట్‌లో పాటించేది అమెరికా వాళ్ళ పద్ధతి: కొత్తవాడికి మొదటి రోజు ఎండలో పని ఐదో వంతే, తర్వాత రోజుకి ఇంకో ఐదో వంతు పెంచుతూ పోవాలి. మీ ఫోర్‌మన్‌కి ఈ లెక్క చెబితే వినకపోవచ్చు. అందుకే "పని చేయను" అనకు, "ఈ వారం కింద పని ఇవ్వు అన్నా" అను. క్లాంపులు ఏరడం, పైపులు సర్దడం, సామాను అందించడం, నీడ పట్టున అయ్యే పని ఏ సైట్‌లోనైనా ఉంటుంది. పైన కళ్ళు తిరిగితే ఎండ సంగతి తర్వాత, ముందు పడిపోయి ప్రాణం పోతుంది. ఆ మాట గట్టిగా చెప్పు, ఏ ఫోర్‌మన్‌కైనా అర్థమవుతుంది.

చెమట కనపడకపోవడం పొడిగాలి మాయ. పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతోంది. సాయంత్రం చొక్కా విప్పి చూడు, వీపు మీద తెల్లగా ఉప్పు చారలుంటాయి. పోయిన చెమట లెక్క అదే. నీళ్ళు దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు తాగు. అంటే గంటకి ముప్పావు లీటరు నుంచి లీటరు. గంటకి లీటరున్నర మాత్రం దాటొద్దు. ఒట్టి నీళ్ళే బిందెలకొద్దీ పోస్తే రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతులు, ఫిట్స్ దాకా పోతుంది. చూడటానికి వడదెబ్బలాగే ఉంటుంది కాబట్టి ఇంకా నీళ్ళు తాగిస్తారు, ఇంకా చెడుతుంది.

ఉప్పు బిళ్ళ వద్దు. పొద్దున ఏమీ తినకుండా టీ తాగి సైట్‌కి పోతున్నావా? నా అంచనా అదే. కుబూస్ (ఇక్కడి రొట్టె) అయినా, అన్నం అయినా, కడుపులో పడాలి. ఉప్పు అక్కడి నుంచే రావాలి. చెమట ఎక్కువ పోయిన రోజు ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒకటి, దాని మీద రాసినన్ని నీళ్ళలో కలుపుకో. చిన్న సీసాలో ప్యాకెట్ మొత్తం కుమ్మరించేస్తారు మనవాళ్ళు, అలా చేయొద్దు.

కువైట్ నర్సు:

అన్నగారు పని సంగతి చెప్పారు కాబట్టి నేను మందుల సంగతి చెబుతాను. ఆ నొప్పుల బిళ్ళ ఆపేయండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు వేసుకుంటే కిడ్నీల మీద దెబ్బ పడుతుంది. రోజంతా ఎండలో ఎండిపోయి, రాత్రి నొప్పులకి బిళ్ళ వేసుకుని, తెల్లారి మళ్ళీ ఎండలోకి పోవడం చాలా క్యాంపుల్లో అలవాటుగా మారింది. పిక్కలు పట్టేస్తే ఓఆర్ఎస్ తాగి, పాదం వేళ్ళు పైకి లాగి పట్టుకోండి.

మూత్రం రంగు రోజూ చూసుకోండి. లేత పసుపు అయితే ఫరవాలేదు. ముదురు పసుపైతే నీళ్ళు చాలడం లేదు. డికాషన్ రంగులో వస్తూ ఒళ్ళంతా నొప్పులుంటే రూమ్‌లో పడుకోకుండా ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. కండరాలు దెబ్బతిని ఆ వ్యర్థం కిడ్నీల్లోకి చేరుతున్నప్పుడు అలా వస్తుంది.

బీపీకి నీళ్ళు లాగే మాత్రలు, బీటా బ్లాకర్లు (గుండె వేగం తగ్గించే మాత్రలు) వాడేవాళ్ళు, జలుబుకి మత్తు వచ్చే మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టర్‌కి "నేను ఎండలో పని చేస్తాను" అని ఒక్క మాట చెప్పండి. మాత్ర సొంతంగా మానేయొద్దు. షుగర్ ఉన్నవాళ్ళు ఇన్సులిన్ బండిలో వదిలేస్తే అది పనికిరాకుండా పోతుంది.

ఎప్పుడు భయపడాలో కూడా చెబుతాను. తలనొప్పి, నీరసం, వికారం, కళ్ళు తిరగడం వస్తే పని ఆపి నీడలోకి రావాలి, చల్లబడాలి, తాగాలి. మనిషి మాట తడబడినా, తిక్కతిక్కగా మాట్లాడినా, చిరాకుతో కొట్టడానికి వచ్చినా, తూలినా, పడిపోయినా అది వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అని వదిలేయొద్దు. పనిచేస్తూ పడిపోయినవాళ్ళకి ఒళ్ళు తడిగానే ఉండొచ్చు. ఈ స్థితి మనిషికి తనంతట తాను తెలియదు. పక్కవాడే కనిపెట్టాలి. కాబట్టి రాజంపేట తమ్ముడూ, ఈ వారం ఒంటరిగా ఎక్కడా పని చేయొద్దు.

112కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేదాకా చూస్తూ కూర్చోవద్దు, చల్లబరచడం ఆ క్షణమే మొదలవ్వాలి. మీ సైట్‌లో టార్పాలిన్ ఉంటుంది కదా. దాని మీద పడుకోబెట్టి, నలుగురు అంచులు ఎత్తి పట్టుకుంటే తొట్టి అవుతుంది. చల్లని నీళ్ళు, ఐసు అందులో పోయండి, తల మాత్రం పైకి పట్టుకోండి. అంత వీలు లేకపోతే బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా తడిపి, గట్టిగా విసరండి. మెడ, చంకలు, గజ్జల్లో ఐసు పెట్టండి. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఎండాకాలం కువైట్‌లో ట్యాంకు నీళ్ళే సలసల కాగుతుంటాయి. కాబట్టి ఐసు డబ్బా సైట్‌లో ముందే ఉందో లేదో చూసుకోవాలి. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయొద్దు. పారాసెటమాల్ ఈ జ్వరానికి పనిచేయదు.

డెలివరీ బండి:

అన్నా, నీళ్ళ బదులు ఎనర్జీ డ్రింక్ తాగొచ్చా? మా రూమ్‌లో అందరూ అదే. పన్నెండింటికి బండి ఆపేస్తారు గానీ పదికే ప్రాణం పోతోంది.

దమ్మామ్ సేఫ్టీ అన్న:

వద్దు. అందులో ఉన్నది చక్కెర, కెఫిన్. గుండె దడ పెంచుతుంది, అలసట తెలియనివ్వదు. అలసట తెలిస్తేనే కదా మనిషి ఆగుతాడు. ఇంకోటి, కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా డెలివరీ బైకులు ఆపాల్సింది పదకొండు నుంచి నాలుగు వరకు. పన్నెండు దాకా తిప్పుతుంటే అది తప్పు, మీవాళ్ళకి చెప్పు. మసీదుల దగ్గర, ఇళ్ళ గోడల పక్కన సబీల్ కూలర్లు (పుణ్యానికి పెట్టిన చల్లనీళ్ళవి) ఉంటాయి, ఎవరైనా పట్టుకోవచ్చు. మెడకి తడిగుడ్డ, హెల్మెట్ కింద పల్చటి నూలు టోపీ పెట్టుకో.

అమలాపురం అక్క:

నేను ఇళ్ళలో పని. మధ్యాహ్నం బ్రేక్ చట్టం మాకెక్కడిది? బయటి సైట్ల వాళ్ళకే. మిద్దె మీద బట్టలు ఆరేయడం, కార్లు కడగడం మిట్టమధ్యాహ్నం చెబుతుంటారు. గొడవ పడకుండా, తెల్లవారుజామునే కడిగేస్తే కారు మీద నీటి మరకలు పడవని మేడమ్‌కి చెప్పాను. మాట నిజమే, పని కూడా పొద్దున్నే అయిపోతోంది.

తమ్ముడూ, నర్సమ్మ చెప్పిన ట్యాంకు నీళ్ళ బాధకి ఒక ఉపాయం. బాత్రూమ్‌లో గీజర్ లోపల ఉంటే ఎండాకాలం దాని స్విచ్ ఆపేయండి. ఏసీ చల్లదనానికి గీజర్‌లో నీళ్ళు చల్లబడతాయి. అప్పుడు వేడినీళ్ళ కుళాయి తిప్పితే చల్లవి, చల్లనీళ్ళ కుళాయి తిప్పితే కాగినవి వస్తాయి. కొత్తవాళ్ళు నవ్వుతారు గానీ గల్ఫ్ అంతా ఇదే చేస్తారు. రాత్రే బకెట్ నింపి గదిలో పెట్టుకున్నా సరే.

తిండికి బకాలాలో (కిరాణా కొట్టులో) లబన్ దొరుకుతుంది, మన మజ్జిగే. ఉప్పేసుకుని తాగు. రాత్రన్నం పెరుగులో కలిపి పెట్టుకుంటే పొద్దున సద్దికి సద్ది. ఏసీ ఉన్న గదిలోనే పెట్టు, సైట్‌కి డబ్బాలో మోసుకెళితే ఆ వేడికి పాడైపోతుంది.

అన్నమయ్య జిల్లా నుంచి ఒక చెల్లెలు:

అన్నలూ, మా ఆయన కువైట్‌లోనే కబ్ద్ దగ్గర జాఖూర్‌లో (ఎడారిలో పశువుల దొడ్డి) గొర్రెలు కాస్తాడు. రేకుల గది. ఫోన్ రెండు మూడు రోజులకొకసారి కలుస్తుంది. సేఠు వారానికోసారి వస్తాడంట. ఆయనకి ఏం చెప్పాలి?

రాయచోటి మజ్రా:

చెల్లెమ్మా, నేను కూడా అదే పని చేసినవాణ్ణి, ఉత్తరాన అబ్దలీ వైపు. 2016 జూలై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది, అది కూడా ఇలాంటి ఎడారే. ఆయనకి ముందు నీళ్ళ సంగతి చెప్పు. తాగడానికీ తడుపుకోవడానికీ కలిపి రోజుకి పది లీటర్లకు తగ్గకూడదు, సేఠు వచ్చే గడువు కంటే రెండు రోజులు ఎక్కువకే నిల్వ ఉండాలి. డబ్బాలు ఎండలో వదలకుండా గోనెపట్టా చుట్టి తడిపితే నీళ్ళు చల్లగా ఉంటాయి.

రేకుల గది మధ్యాహ్నం బయటికంటే వేడి. కిటికీకి తడి గోనె కట్టమను, ఊళ్ళో వట్టివేళ్ళ తడికలు కట్టినట్టే. పొడిగాలికి బాగా పనిచేస్తుంది. ఆగస్టులో సముద్రం మీది తేమగాలి వస్తే పనిచేయదు, ఆ రోజులు ఇంకా జాగ్రత్త. ఒట్టి ఫ్యాను గాలి నలభై డిగ్రీలు దాటాక ఒంటికి వేడినే కొడుతుంది. ఒంటి మీద తడిబట్ట కప్పుకుని ఫ్యాను వేసుకోవాలి. మేత, నీళ్ళు తెల్లారకముందే అయిపోవాలి. పదయ్యాక మందతో దూరం పోకూడదు.

బండి ఆగిపోతే దాన్ని వదిలి నడవొద్దని చెప్పు. బండి దూరానికి కనపడుతుంది, మనిషి కనపడడు. లోపల కూర్చోకుండా బండి నీడలో, కింద ఏదైనా పరచుకుని ఉండాలి. పవర్ బ్యాంకు, లైటర్ డ్యాష్‌బోర్డ్ మీద పెడితే పేలొచ్చు. ఆ పక్క జాఖూర్‌లో ఉన్న ఒకరిద్దరి నంబర్లు నీ దగ్గర రాసిపెట్టుకో. రోజూ మగ్రిబ్ వేళకి (పొద్దుగూకే నమాజు వేళ) ఒక మిస్డ్ కాల్ ఇవ్వమను. రాకపోతే ఆ పక్కవాళ్ళని పంపించు. సేఠు ఫోన్ ఎత్తకపోతే మన రాయబార కార్యాలయానికి చెప్పు, విదేశాల్లో ఉన్న మనవాళ్ళ కోసం కేంద్రం పెట్టిన మదద్ పోర్టల్‌లో ఊరి నుంచే ఫిర్యాదు పెట్టొచ్చు.

రాజంపేట కుర్రాడు:

అందరికీ థ్యాంక్స్. ఫోర్‌మన్‌తో మాట్లాడాను, వారం రోజులు కింద సామాను పని ఇచ్చాడు. తలనొప్పి తగ్గింది. పక్క సైట్‌లో పన్నెండు దాకా పని చేయిస్తున్నారు, అది అడగొచ్చా? ఆగస్టు తర్వాత ఈ రూల్ ఉండదంట కదా?

దమ్మామ్ సేఫ్టీ అన్న:

అడగొచ్చు. కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పదకొండు నుంచి నాలుగు వరకు ఆరుబయట పని నిషేధం. ఉల్లంఘిస్తే ఒక్కో మనిషికి వంద నుంచి రెండు వందల దినార్ల జరిమానా. కువైట్ ప్రభుత్వ కార్మిక శాఖ అయిన మాన్‌పవర్ అథారిటీకి ఫోటో, టైము, చోటు పంపితే చాలు, నీ పేరు సైట్‌లో ఎవరికీ చెప్పుకోకు. మాకు సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా, పన్నెండు నుంచి మూడు. ఖతార్ నయం, గంటల లెక్కే కాకుండా తేమ, ఎండ, గాలి కలిపి కొలిచే వేడి సూచీ 32.1 దాటితే ఏ వేళైనా పని ఆపాలి.

సెప్టెంబర్‌లో మీకు రూల్ ఉండదు, ఎండ మాత్రం ఉంటుంది. ఆ నెలంతా నీ గ్లాసు, నీ జతగాడు, నీ ఐసు డబ్బా జూలైలో ఉన్నట్టే ఉండాలి. సెలవుకి ఊరెళ్ళి నెల తర్వాత వచ్చావనుకో, అలవాటైన ఒళ్ళు మళ్ళీ కొత్తదైపోతుంది. మేం అలాంటివాళ్ళకి మొదటి రోజు సగం పని ఇచ్చి, నాలుగో రోజుకి పూర్తి పనిలోకి తెస్తాం. టికెట్ బుక్ చేసుకునేటప్పుడే ఆ నాలుగు రోజుల సంగతి ఫోర్‌మన్‌తో మాట్లాడుకో.