మొదటి కాన్పు సిజేరియన్ అయింది, రెండోది ఎలా? మీ అనుభవాలు చెప్పండి

మాధవి_ఎన్:
నాకిప్పుడు ఎనిమిదో నెల. మొదటిసారి బిడ్డ ఎదురుకాళ్లతో ఉండడంతో నొప్పులు రాకముందే ఆపరేషన్ చేశారు. ఈసారి తల కిందికే ఉంది. "రెండు దారులూ ఉన్నాయి, ఆలోచించుకుని రండి" అన్నారు డాక్టరు గారు. అత్తయ్య మళ్లీ ఆపరేషనే మేలంటారు, అమ్మ మామూలు కాన్పుకు చూడమంటుంది. మీరంతా ఏం చూసుకుని తేల్చుకున్నారు?

సులోచన:
మాధవీ, ముందు పాత ఆపరేషన్ వివరాలున్న కాగితం తెప్పించుకో. డిశ్చార్జి చీటీ చాలదు. పొట్టమీద కుట్లు అడ్డంగా ఉన్నంత మాత్రాన లోపల గర్భసంచి మీద కోత కూడా అడ్డంగానే ఉంటుందనుకోకూడదు. కింది భాగంలో అడ్డకోత అయితే మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చు. నిలువుకోత పైభాగం దాకా వెళితే వద్దంటారు, నొప్పుల్లో గట్టిగా బిగుసుకునేది ఆ భాగమే కాబట్టి. నా మొదటి బిడ్డ నెలలు బాగా తక్కువగా పుట్టింది, అందుకని నిలువుకోత పెట్టారు. ఆ సంగతి ఆ కాగితంలో ఒకే ఒక్క వాక్యం. రెండోసారి డాక్టరు గారు దానికింద పెన్నుతో గీత గీసి, నొప్పులు మొదలయ్యేలోపే ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు.
"ఒకసారి సిజేరియన్ అయితే ఎప్పుడూ సిజేరియనే" అని 1916లో ఎడ్విన్ క్రాగిన్ అనే డాక్టరు రాశారు. ఆ రోజుల్లో వేసేవి ఎక్కువగా నిలువుకోతలే. పెద్దవాళ్ల భయం వెనక ఆ పాత మాట ఇంకా ఉంది.

పద్మజ:
నాకు రెండోది మామూలు కాన్పు అయింది. మొదటి ఆపరేషన్ ఎందుకు జరిగిందన్నదే అసలు ప్రశ్న అంటాను. ఎదురుకాళ్లు ఆ ఒక్క కాన్పుకు సంబంధించిన కారణం, మళ్లీ వస్తుందని లేదు. నొప్పులు వచ్చి మధ్యలో ఆగిపోయినవాళ్ల కంటే నీకు అవకాశం ఎక్కువ. మొత్తం మీద ప్రయత్నించినవారిలో నలుగురిలో ముగ్గురికి మామూలుగానే అవుతుంది. అంతకుముందు ఒక మామూలు కాన్పు కూడా అయి ఉంటే ఇంకా ఎక్కువమందికి.
పాత కోత దగ్గర గర్భసంచి చిట్లే ప్రమాదం, నొప్పులు వాటంతట అవే వస్తే, సుమారు 200 మందిలో ఒకరికి. తక్కువే, కానీ జరిగితే తల్లికీ బిడ్డకీ ప్రాణాపాయం. అందుకే నా పొట్టకు బెల్టు కట్టి బిడ్డ గుండె చప్పుడు నొప్పులు పడుతున్నంతసేపూ చూశారు. చాలాసార్లు మొదటి హెచ్చరిక ఆ చప్పుడులోనే తెలుస్తుందట. నర్సు నాతో మాట్లాడుతూనే మిషన్‌లోంచి వచ్చే కాగితాన్ని వేళ్లతో సాగదీసి చూసుకునేది. ఒక నొప్పికీ ఇంకో నొప్పికీ మధ్య కూడా కోత దగ్గర నొప్పి తగ్గకపోతే వెంటనే చెప్పమంది.

రేవతి_కె:
నేనూ ప్రయత్నించాను, చివరికి ఆపరేషనే అయింది. రాత్రంతా నొప్పులు పడ్డాను. గర్భసంచి ముఖద్వారం తెరుచుకోవడం సగంలో ఆగింది, బిడ్డ గుండె నెమ్మదించింది. అలా నొప్పులు పడ్డాక చేసే ఆపరేషన్‌లో, ముందే అనుకుని చేసేదాని కంటే రక్తస్రావం, ఇన్ఫెక్షన్ ఎక్కువ. నాకు జ్వరం వచ్చి కోలుకోవడానికి సమయం పట్టింది. అయినా ప్రయత్నించినందుకు బాధ లేదు, నా కూతురు క్షేమంగా ఉంది.
ఆసుపత్రిలో రెండు సంగతులు మొహమాటం లేకుండా అడగండి. అర్ధరాత్రి కూడా మత్తు డాక్టరు ఆసుపత్రిలోనే ఉంటారా, ఫోను చేస్తే వస్తారా? రక్తం అక్కడే దొరుకుతుందా? జవాబు తడబడితే ఆ చోట ప్రయత్నించవద్దు.

కామేశ్వరి:
నేను మళ్లీ ఆపరేషనే కోరుకున్నాను. మొదటి కాన్పులో పడిన భయం నాలో ఇంకా ఉంది. దాన్ని ఎవరూ చిన్నచూపు చూడకూడదు. బిడ్డకు ఊపిరి ఇబ్బంది రాకుండా 39 వారాలు నిండాకే తేదీ పెట్టారు. కానీ మాకు ఇద్దరు పిల్లలే చాలనుకున్నాం. ఇంకా కావాలనుకునేవారు ఇది వినండి: ఆపరేషన్ల సంఖ్య పెరిగేకొద్దీ, తర్వాతి కాన్పులో మాయ గర్భసంచి గోడలోకి అతుక్కుపోయే ప్రమాదం పెరుగుతుంది. మాయ బాగా కిందికి ఉంటే మరీనూ. అప్పుడు గర్భసంచినే తీసేయాల్సి రావచ్చు. ఎంతమంది పిల్లలు కావాలన్న మాట భార్యాభర్తలు ఇప్పుడే మాట్లాడుకోవాలి.

మాధవి_ఎన్:
అందరికీ కృతజ్ఞతలు. ఆ కాగితం కోసం రేపే మా వారు వెళుతున్నారు. గడువు దాటినా నొప్పులు రాకపోతే ఏం చేస్తారు? నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే ఇంజెక్షన్ తీసుకోవచ్చా?

నర్సమ్మ (కాన్పుల గదిలో పనిచేస్తాను):
ఇంజెక్షన్ తీసుకోవచ్చమ్మా, పాత కోత దానికి అడ్డు కాదు. నొప్పులు తెప్పించడం మాత్రం జాగ్రత్తగా చేయాల్సిన పని, కోత చిట్లే ప్రమాదం పెరుగుతుంది. నెలలు నిండినవారికి పాత కోత ఉంటే నొప్పులు తెప్పించే మిసోప్రొస్టాల్ బిళ్లలు వాడకూడదు. అవసరమైతే ముఖద్వారంలో చిన్న బెలూన్ పెడతారు, లేదా ఆక్సిటోసిన్ అనే నొప్పుల మందు సెలైన్‌లో కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. ఎన్నో వారం దాకా ఆగాలి, ఆ తర్వాత నొప్పులు తెప్పించాలా ఆపరేషన్ చేయాలా అన్నది ఈసారి చూపించుకునేటప్పుడే అడిగి కేసు షీటులో రాయించుకో. నీ డాక్టరు లేని రోజు నొప్పులు వస్తే డ్యూటీలో ఉన్నవారు చూసేది ఆ షీటునే.