నాన్న మాత్రలు మానేసిన సంగతి డాక్టర్‌కి ఎలా చెప్పించాలి?

నాన్నగారికి 62 ఏళ్లు, షుగర్. మెట్‌ఫార్మిన్ 500 పొద్దున, రాత్రి వేసుకోవాలి. విరేచనాలు అవుతున్నాయని రాత్రిది మానేశారు. డాక్టర్ అడిగితే మాత్రం "అన్నీ వాడుతున్నానండీ" అంటారు, తిడతారని భయం. మొన్న హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చూపే పరీక్ష) 9.1 వచ్చింది, ఎక్కువే. మందు చాలట్లేదనుకుని డాక్టర్ డోసు 1000కి పెంచారు. ఇప్పుడు పొద్దుటిదీ ఎగ్గొడుతున్నారు!

చీటీ రాసిస్తే జేబులోంచి తీయలేదు. పక్కనుండి నేనే చెప్పబోతే "నువ్వు ఊరుకోమ్మా" అన్నారు, బయటికొచ్చాక పరువు తీశావని అలిగారు. డాక్టర్ మంచివారే, ఓపీలో రద్దీ ఎక్కువ, అంతే. కడుపుకి ఇబ్బంది తక్కువుండే ఎస్ఆర్ రకం (మందు నెమ్మదిగా విడుదలయ్యే) మాత్రలు ఉన్నాయి, కానీ అవి రాయాలన్నా అసలు విషయం ఆయనకి తెలియాలిగా.

ఈసారి నాన్న తన నోటితోనే ఈ మాట డాక్టర్‌కి చెప్పాలంటే ఏం చేయాలి? మీ ఇళ్లలో ఏది పనిచేసింది?