1984 పద్మినికి ఏ ఇంజన్: పాతదే బాగుచేయించనా, 118ఎన్‌ఈ నిస్సాన్‌దా, ఈకోదా?

గోదావరి_పద్మిని (రాజమండ్రి):

అందరికీ నమస్కారమండీ. నాన్నగారి 1984 ప్రీమియర్ పద్మిని ఇప్పుడు నా చేతికొచ్చింది. డ్రైవర్ కాళ్ల దగ్గర తప్ప బాడీకి ఎక్కడా తుప్పు లేదు. గొడవంతా ఇంజన్‌తోనే. ఆయిల్ తాగుతోంది. పల్లం దిగి మళ్లీ యాక్సిలరేటర్ నొక్కగానే వెనక నీలం పొగ. మారేడుమిల్లి ఘాట్‌లో నలుగురం కూర్చుంటే రెండో గేరు దాటట్లేదు, టెంపరేచర్ ముల్లు ఎర్రగీత పట్టుకుంటోంది.

మా ఆవిడ ఏసీ ఉంటేనే ఎక్కుతానంటోంది. నాన్నగారేమో స్టీరింగ్ పక్కనున్న హ్యాండ్ గేరు తీస్తే ఒప్పుకోనంటున్నారు. మా మెకానిక్ బోరు (సిలిండర్ లోపలి గోడ) కొట్టించి పిస్టన్ రింగులు మారిస్తే చాలంటున్నాడు. కాకినాడలో ఒకాయన దగ్గర ప్రీమియర్ వాళ్లదే 118ఎన్‌ఈ కారు నుంచి తీసిన నిస్సాన్ ఇంజన్ ఉంది. మా బావమరిది మాత్రం మారుతి ఈకో వ్యాన్ ఇంజన్ వేసెయ్యి బావా అంటాడు, వాడికి బండి ఏదైనా పవరే కావాలి. మీరైతే ఏం చేస్తారు?

ఆటోనగర్_లేత్ (విజయవాడ):

బాబూ, ఇంజన్ దించే ముందు రెండు పనులు చెయ్యి. రెంటికీ పెద్ద ఖర్చు లేదు.

మొదటిది కంప్రెషన్, అంటే సిలిండర్‌లో ఒత్తిడి ఎంత నిలుస్తోందో చూడటం. నాలుగు సిలిండర్లూ చూసి రాసుకో. తక్కువొచ్చిన దాంట్లో ప్లగ్గు రంధ్రంలోంచి చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడు. రీడింగ్ లేస్తే రింగులు, బోరు అరిగినట్టు. లేవకపోతే వాల్వుల సంగతి. నువ్వు చెప్పిన పొగ, పల్లం దిగి నొక్కినప్పుడు వచ్చేది, నా లెక్కలో రింగులది కాదు, వాల్వ్ గైడ్లది, అంటే వాల్వు కాడలు ఆడే గొట్టాలది. కాలు తీసినప్పుడు మానిఫోల్డ్‌లో (ఇంజన్‌కి గాలి వెళ్లే గొట్టంలో) వాక్యూమ్ పెరిగి గైడ్ల సందులోంచి ఆయిల్‌ని లోపలికి లాగుతుంది, నొక్కగానే అది కాలుతుంది. అదే అయితే హెడ్డు పనితో పోతుంది, బోరు జోలికి వెళ్లక్కర్లేదు. రింగుల పొగైతే ఎత్తెక్కేటప్పుడు, లోడు మీద విడవకుండా వస్తుంది.

రెండోది రేడియేటర్. నలభై ఏళ్ల బండికి ట్యూబుల్లో సగం పూడిపోయి ఉంటాయి. రీకోర్ చేయించకుండా, అంటే లోపలి ట్యూబులు కొత్తవి వేయించకుండా ఇంజన్ తప్పంటే నేను ఒప్పుకోను.

ఇక నీ అసలు ప్రశ్న. నీ బండిలోని పాత ఫియట్ ఇంజన్ 1089 సీసీ, బోరు వెడల్పు 68, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 75 మిల్లీమీటర్లు, క్రాంకుకి మూడే మెయిన్ బేరింగులు. కొత్తలోనే నలభై చిల్లర హార్స్‌పవర్. దానికి ఏసీ కంప్రెసర్ తగిలించి మారేడుమిల్లి ఎక్కించడమంటే ముసలాయన నెత్తిన గంగాళం పెట్టి కొండెక్కమన్నట్టే. కాకినాడలోని నిస్సాన్ ఇంజన్, ఏ12 అంటారు, అదైతే 1171 సీసీ, బోరు 73, స్ట్రోకు 70, ఐదు మెయిన్ బేరింగులు. 118ఎన్‌ఈలో యాభై రెండు హార్స్‌పవర్ ఇచ్చింది. కాగితం మీద తేడా చిన్నదే, రోడ్డు మీద మాత్రం నిబ్బరంగా లాగుతుంది. పైగా కార్బురేటర్ ఇంజనే, కంప్యూటర్ బాధ లేదు. పద్మినిలో దీన్ని వేయడం కొత్తేం కాదు, మా వీధిలో ఎన్నో చూశాను.

పని ఎక్కడుందో కూడా విను. ఇంజన్ మౌంటింగులు కొత్తగా కట్టాలి. సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) కింద క్రాస్ మెంబర్‌కీ స్టీరింగ్ రాడ్లకీ తగలకూడదు, ఆ కొలత తీసుకోకుండా వెల్డింగ్ మొదలుపెట్టనివ్వకు. ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు సరిచేసి బ్యాలెన్సింగ్ చేయించాలి, లేకపోతే అరవై దాటగానే బండంతా వణుకుతుంది. ఇంకోటి, నిస్సాన్ గేర్‌బాక్స్‌లోనూ టాప్ గేరు సూటిగానే తిరుగుతుంది, అంటే ఇంజన్ ఎన్ని చుట్లు తిరిగితే షాఫ్టూ అన్నే. వెనక డిఫరెన్షియల్ పాతదే కాబట్టి ఎనభైలో ఇంజన్ గోల ఇప్పుడెంతో అప్పుడూ అంతే. హైవే మీద నిశ్శబ్దం వస్తుందని ఆశపడకు.

నాన్నగారి మాట దగ్గరే చిక్కు. నిస్సాన్ గేర్‌బాక్స్‌కి గేరు రాడ్డు కింద నుంచే వస్తుంది. పాత గేర్‌బాక్స్‌కి కొత్త ఇంజన్ అతికించాలంటే అడాప్టర్ ప్లేటు తిప్పించాలి, క్లచ్ కలపాలి. నేను తిప్పగలను, కానీ వద్దంటాను. హ్యాండ్ గేరు కావాలంటే పాత ఇంజన్, ఏసీ లేదు. ఏసీ కావాలంటే నిస్సాన్, కింద గేరు. ఇంట్లో కూర్చుని తేల్చుకో.

ఈకో_వేసినోణ్ణి (మల్కాజ్‌గిరి):

అన్నా, నా పద్మినిలో ఈకో ఇంజనే ఉంది, కాబట్టి మీ బావమరిది పార్టీ నేను. పాత ఈకోది 1196 సీసీ జీ12బీ, డెబ్బై మూడు హార్స్‌పవర్, ఐదు గేర్లు, వెనక చక్రాలకే పవర్. నడపడానికి మస్తుగ ఉంటది. కానీ ఇంజన్ కూర్చోబెట్టడం చిన్న పని, వైరింగే అసలు యుద్ధం. ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్), సెన్సర్లు, తాళంచెవి, అన్నీ ఒకే బండివి తెచ్చుకోవాలి. ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపు పెట్టాలి, ప్రెషర్ తట్టుకునే పైపులు వేయాలి. ఎక్కడో ఒక ఎర్త్ వైరు లూజైతే బండి రోడ్డు మధ్యల ఆగుతది, ఊళ్లోని కార్బురేటర్ మెకానిక్ దాన్ని చూసి చేతులెత్తేస్తడు. లాప్‌టాప్ పట్టుకునే దోస్తు ఉంటేనే పెట్టుకో.

ఇంకో మాట, బ్రేకులు. మనకి నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. నేను ముందు డిస్కులు వేయించినాకే ఆ ఇంజన్‌కి నిజంగా పని చెప్పిన. నీకు ఘాట్ దిగుడు కూడా ఉంది కదా.

ఫిట్‌నెస్_క్యూ (గుంటూరు):

ఎవరూ కాగితాల మాట ఎత్తలేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. ఇంజన్ మార్చాక 14 రోజుల్లో తెలియజేయాలని కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. అయినా పని మొదలుపెట్టకముందే మీ ఆర్‌టీఓ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. నిస్సాన్ ఇంజన్ వచ్చిన 118ఎన్‌ఈ కూడా ప్రీమియర్ బండే కాబట్టి అడగడానికి ఒక ఆధారం ఉంటుంది. ఈకోకి ఆ మాటా లేదు. ఐదేళ్లకోసారి రెన్యువల్‌కి వెళ్లినప్పుడు ఇంజన్ నంబరు చూస్తారు, అది కలవకపోతే ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కీ టెన్షనే.

ఇంజన్ అమ్మేవాడి దగ్గర పాత బండి ఆర్‌సీ కాపీ, బిల్లు తీసుకోకుండా డబ్బు ఇవ్వకండి. దొంగబండి ఇంజనైతే ఆ నంబరు మీ మెడకే చుట్టుకుంటుంది.

మా మామయ్యది 1973 ప్రెసిడెంట్, పద్మినికి అంతకుముందున్న పేరు. దాని ఇంజన్ ఎవర్నీ ముట్టుకోనివ్వడు. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికే 2021 రూల్స్ కింద వింటేజ్ రిజిస్ట్రేషన్, ‘వీఏ’ నంబరు. మీది 1984 కాబట్టి ఇంకా టైముంది, కానీ ఇంజన్ మారిస్తే ఆ దారి మూసుకున్నట్టే. పాతది అమ్మకుండా గ్రీజు పెట్టి దాచండి.

గోదావరి_పద్మిని:

అందరికీ థాంక్సండీ. లేత్ గారూ, కంప్రెషన్ చూపించాను. రెండు, మూడు సిలిండర్లు తక్కువ. ఆయిల్ పోసినా లేవలేదు.

ఆటోనగర్_లేత్:

పక్కపక్క సిలిండర్లు రెండూ తగ్గాయంటే వాల్వులతో పాటు హెడ్ గాస్కెట్ (హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ఉండే పలక) మీద కూడా అనుమానపడు. ఆ రెండు సిలిండర్ల మధ్య గాస్కెట్ ఎగిరి ఉంటే ఘాట్‌లో వేడెక్కడానికీ లాగకపోవడానికీ అదే కారణం కావచ్చు. హెడ్డు దించి, అడుగు సమంగా ఉందో చూసి, గైడ్లు మార్పించి, రేడియేటర్ రీకోర్ చేయించి ఒక్కసారి మారేడుమిల్లి వెళ్లిరా. హెడ్డు ఎలాగూ విప్పుతున్నావు కాబట్టి పెట్రోలు పైపులు, పంపు డయాఫ్రం కూడా మార్చెయ్యి, ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలుకి పాత రబ్బరు ఆగట్లేదు. అప్పటికీ ఏసీ కావాల్సిందేనని ఇంట్లో తేలితే కాకినాడ ఇంజన్ సంగతి చూద్దాం. గేర్‌బాక్స్, బెల్ హౌసింగ్, క్లచ్, ఏసీ బ్రాకెట్ అన్నీ కలిపి ఇస్తేనే కొను. ఉత్త ఇంజన్ అయితే ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.