సిటిజన్ కేన్ 25 నిమిషాల్లో ఆపేశాను. పాత హాలీవుడ్‌ని లిస్టు పట్టుకుని చూడాలా, వద్దా?

నైట్‌డ్యూటీ:
నాకు 36 ఏళ్లు. సినిమా పిచ్చోడినని ఇంటా బయటా పేరు. కానీ 1970కి ముందు వచ్చిన హాలీవుడ్ సినిమా ఒక్కటీ చూడలేదు. మొన్న ఆఫీసులో ఒకాయన "కాసాబ్లాంకా కూడా చూడలేదా!" అన్నాడు. నవ్వేసి ఊరుకున్నాను గానీ లోపల గుచ్చుకుంది. సరే, పద్ధతిగా చూద్దామని నెట్‌లో వంద గొప్ప సినిమాల లిస్టు ఒకటి దించుకున్నాను. ఒకటో నంబరు సిటిజన్ కేన్ (1941). కేన్ అనే ముసలాయన "రోజ్‌బడ్" అని కన్నుమూస్తాడు. వెంటనే పొడవాటి న్యూస్‌రీలు వచ్చి ఆయన జీవితమంతా చెప్పేస్తుంది. కథ చెప్పేశాక ఇంక చూడ్డానికి ఏముంది? 25వ నిమిషంలో ఆపేశాను. రాత్రి డ్యూటీ దిగి వచ్చి చూశాననుకోండి, అది వేరే సంగతి.
ఇలా హోంవర్క్‌లా చూడటంలో అర్థం ఉందంటారా? ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

తిక్కశంకర:
చూడకపోతే ఏం కొంపలు మునిగాయి? ఎనభై ఏళ్ల కిందటి అమెరికా గొడవ మనకెందుకు? మాయాబజార్ చూడలేదని అక్కడ ఎవరైనా సిగ్గుపడుతున్నారా? నిద్ర వచ్చిందంటే సినిమా బాగాలేదని అర్థం. అంతే.

పాతరీలు:
శంకర్ గారూ, రాత్రంతా డ్యూటీ చేసినవాడికి నిద్ర రావడానికి సినిమాతో పని లేదు.
నైట్‌డ్యూటీ బ్రదర్, ఒక మంచి సీను మీ కళ్ల ముందే వెళ్లిపోయి ఉంటుంది, గుర్తుందేమో చూడండి. బయట మంచులో చిన్నప్పటి కేన్ ఆడుకుంటుంటాడు. కెమెరా మెల్లగా వెనక్కి వస్తే మనం కిటికీ లోపల ఉంటాం. తల్లి ఆ పిల్లాడిని బ్యాంకు మనిషి చేతిలో పెడుతూ కాగితాల మీద సంతకం చేస్తుంటుంది. ముందున్న తల్లి ముఖం ఎంత స్పష్టమో, దూరంగా కిటికీలో చీమంత ఉన్న పిల్లాడూ అంత స్పష్టం. వాడి బతుకు ఇక్కడ తేలిపోతోంది, వాడేమో అక్కడ మంచు ఉండలు విసురుకుంటున్నాడు. కెమెరామన్ గ్రెగ్ టోలండ్. దర్శకుడు ఆర్సన్ వెల్స్‌కి ఆ సినిమా తీసేటప్పటికి పాతికేళ్లు. ఆ సీనులో ఇంకొకటి కూడా ఉంది, అది మాత్రం చెప్పను.
ఇంకాస్త చూసి ఉంటే బ్రేక్‌ఫాస్ట్ టేబుల్ వచ్చేది. పెద్దవాడైన కేన్, అతని పెళ్లాం ఎదురెదురుగా కూర్చుని టిఫిన్ చేస్తుంటారు. ఒక్కో ముక్కకి కొన్ని నెలలో ఏళ్లో గడిచిపోతుంటాయి. మొదట ముద్దుమాటలు, తర్వాత దెప్పుళ్లు. చివరికి మాటల్లేవు. ఆయన తాను నడిపే పేపరు చదువుకుంటుంటాడు, ఆవిడ చేతిలో దాని పోటీ పేపరు ఉంటుంది. రెండు మూడు నిమిషాల్లో ఒక కాపురం అయిపోయింది. దీన్ని హోంవర్క్ అంటే ఎలా?

కృష్ణలంక_అమ్మాయి:
పాతరీలు గారూ, మీరు చెప్తుంటే నాకే మళ్లీ చూడాలనిపిస్తోంది. కానీ చిక్కంతా ఇక్కడే ఉందండీ. అప్పట్లో అది కొత్త. ఆ తర్వాత అందరూ వాడేసుకున్నారు. చనిపోయిన మనిషి గురించి నలుగురు నాలుగు రకాలుగా చెప్పడం, కాలం ముందుకీ వెనక్కీ పోవడం, ఇవన్నీ మనం చిన్నప్పటి నుంచి చూసినవే. ఎవరైనా పక్కన కూర్చుని చెప్తే తప్ప కొత్తగా చూసేవాళ్లకి గొప్పేంటో తెలియదు. అందుకే ఇది మొదట చూసే సినిమా కాదు, ఇరవయ్యోది.
పైగా ఆ ఒకటో నంబరు కూడా రాతి మీద గీత కాదు. సైట్ అండ్ సౌండ్ పత్రిక పదేళ్లకోసారి విమర్శకుల్ని అడిగి లిస్టు వేస్తుంది. 1952లో మొదటి పదిలో కేన్ లేదు. 1962 నుంచి 2002 దాకా ఒకటో స్థానం దానిదే. 2012లో వెర్టిగో దాన్ని దించింది. 2022లో వెర్టిగోని దించి బెల్జియం దర్శకురాలు షాంటల్ ఆకర్మన్ తీసిన సినిమా ఎక్కింది. మరి 1952లో చూసినవాళ్లు గుడ్డివాళ్లా?
నా ఓటు 12 యాంగ్రీ మెన్ (1957)కి. 96 నిమిషాలు. దాదాపు అంతా ఒక్క గదిలోనే. తండ్రిని చంపాడన్న కేసులో ఒక కుర్రాడు దోషా కాదా అన్నది జ్యూరీలోని పన్నెండు మంది మామూలు మనుషులు తేల్చాలి, దోషి అంటే మరణశిక్షే. పదకొండు మంది దోషి అంటారు, ఒక్కడు ఆగమంటాడు. మనకి ఇప్పుడు జ్యూరీ పద్ధతి లేకపోయినా అర్థం కాకపోవడమంటూ ఉండదు. ఊళ్లో రచ్చబండ చూసినవాళ్లకి ఆ పన్నెండు మందీ తెలిసినవాళ్లే. దర్శకుడు సిడ్నీ లుమెట్ చేసిన పని కూడా చెప్పాలి. మొదట్లో కెమెరా కంటి కన్నా కొంచెం ఎత్తులో ఉంటుంది. పోనుపోను కిందికి దిగుతుంది, లెన్సులు మారతాయి, ఆఖర్లో పైకప్పు నెత్తిమీద కనిపిస్తుంది. గది కుంచించుకుపోయినట్టు ఊపిరాడదు. ఇదేమీ తెలియకపోయినా టెన్షన్ మాత్రం తెలుస్తుంది.
ఇంకోటి, శంకర్ గారి మాయాబజార్ కూడా 1957దే. అది మనకి హాయిగా ఉండటానికి కారణం శశిరేఖ ఎవరో, ఘటోత్కచుడు ఎవరో ముందే తెలియడం. ఏమీ తెలియనివాడికి శశిరేఖ మగాడిలా నడుస్తుంటే నవ్వెందుకొస్తుంది?

మార్నింగ్‌షో:
మీరందరూ చదువుకున్నవాళ్లు, నేను వయసైపోయినవాణ్ణి. మా రోజుల్లో ఇంగ్లీషు బొమ్మంటే మార్నింగ్ షో. సికింద్రాబాద్ సంగీత్‌లో చూసేవాళ్లం. ముక్క అర్థమయ్యేది కాదు. ముందు వరసలవాళ్లు నవ్వితే మేమూ నవ్వేవాళ్లం. లిస్టూ లేదు, మొదలూ లేదు. ఏది ఆడితే అది.
ఇప్పుడు ఇంట్లో చూసేవాళ్లకి అసలు కష్టం చెవిదే, ఎవరూ ఒప్పుకోరు గానీ. ఆ కాలపు కామెడీల్లో మాట రైలుబండి. హిజ్ గర్ల్ ఫ్రైడే (1940) అని ఒకటుంది, ఒకళ్ల మాట పూర్తికాకుండానే ఇంకొకళ్లు దూరిపోతుంటారు. కింద అక్షరాలు చదివితే బొమ్మ పోతుంది, బొమ్మ చూస్తే మాట పోతుంది. మా అబ్బాయి చెప్పిన ఉపాయం: మొదటి పావుగంట చూసి, వెనక్కి తిప్పి మళ్లీ చూడు. రెండోసారికి చెవి కుదురుకుంటుంది. నిజమే, కుదిరింది.

నైట్‌డ్యూటీ:
మార్నింగ్‌షో గారూ, ఈ ఉపాయం బాగుంది. రీమేకుల దారిలో వెళ్తే ఎలా ఉంటుంది? కథ ముందే తెలిసి ఉంటుంది కాబట్టి సబ్‌టైటిల్స్ మీద పడిపోనక్కర్లేదు కదా. ఆమిర్ ఖాన్ దిల్ హై కే మాన్‌తా నహీ నాకు కంఠతా.

కృష్ణలంక_అమ్మాయి:
అయితే ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్ (1934) చూడండి. ఆమిర్ ఖాన్‌ది 1991, అంతకన్నా ముందే రాజ్ కపూర్, నర్గీస్‌ల చోరీ చోరీ (1956) వచ్చింది. మూలం ఇదే. డబ్బున్నవాళ్ల అమ్మాయి ఇంట్లోంచి పారిపోతుంది, బస్సులో ఒక విలేకరి తగులుకుంటాడు. ఒకే గదిలో ఉండాల్సి వస్తే మధ్యలో తాడు కట్టి దుప్పటి వేలాడదీస్తారు. ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, స్క్రీన్‌ప్లే, అయిదు ఆస్కార్లూ దానికే.

పాతరీలు:
రీమేకు దారికి నేను ఒప్పుకోను. నకలు చూసినవాడు అసలులో పోలికలే వెతుకుతాడు. పన్నెండు మంది కథని బాసు ఛటర్జీ 1986లో ఏక్ రుకా హువా ఫైసలాగా తీశారు, చాలా బాగుంటుంది. నేను అది ముందు చూశాను. దాంతో అసలు సినిమాలో ఎవరు ఎప్పుడు మారతారో నాకు ముందే తెలిసిపోయింది. సగం మజా పోయింది. ఆ నష్టం ఇంకొకరికి ఎందుకు?

తిక్కశంకర:
సరే, మంచివే చెప్తున్నారు. మరి లిస్టులో గాన్ విత్ ద విండ్ కూడా ఉంటుందిగా? దాదాపు నాలుగు గంటలు. బానిసల్ని పెట్టుకున్నవాళ్లు ఎంత మంచివాళ్లో చూపించే సినిమా. అదీ క్లాసిక్కేనా?

పాతరీలు:
ఇక్కడ మీ మాట కాదనను. అందులో ఇంటి బానిస మామీ వేషం వేసిన హ్యాటీ మెక్‌డానియల్ ఆస్కార్ గెలిచిన మొదటి నల్లజాతి నటి. 1939 డిసెంబర్‌లో అట్లాంటాలో జరిగిన ప్రీమియర్‌కి ఆమె వెళ్లలేకపోయింది, అక్కడి వర్ణవివక్ష చట్టాల వల్ల. తర్వాత ఆస్కార్ రాత్రి ఆమెను మిగతా యూనిట్‌తో కాకుండా విడిగా, గోడ పక్క టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు. ఇది తెలిసి చూస్తే ఆమె తెర మీదికి వచ్చినప్పుడల్లా వేరే సినిమా కనిపిస్తుంది. నేనైతే చూడమంటాను, కానీ ముందు ఈ సంగతి తెలుసుకుని.

కృష్ణలంక_అమ్మాయి:
నేను రెండు గంటల దగ్గర ఆపేశాను, మళ్లీ పెట్టలేదు. బాధేం లేదు.

నైట్‌డ్యూటీ:
అప్‌డేట్. ఆదివారం 12 యాంగ్రీ మెన్ పెట్టాను. పది నిమిషాలు చూసి లేస్తానని కూర్చున్న మా అత్తగారు చివరిదాకా లేవలేదు. ఇంగ్లీషు ఆవిడకి అంతంతమాత్రం, మధ్యమధ్యలో మా ఆవిడ చెప్తూ వచ్చింది. అయిపోయాక "ఇంతకీ ఆ పిల్లాడు చంపాడా, చంపలేదా?" అని అడిగారు. సినిమాలో చెప్పలేదండీ అన్నాను. "చెప్పకుండా ఎట్టా వదిలేశారు?" అంటూ రాత్రి భోజనాల దగ్గర గొడవ. కత్తి సంగతి తేలిపోయింది కాబట్టి చంపలేదని మా ఆవిడ. చంపే ఉంటాడు, కానీ రుజువు చాలదని అత్తగారు. నేను ఎవరివైపూ మాట్లాడలేదు, నాకు ఆ ఇంట్లో ఇంకా ఉండాలి.
కేన్ 25వ నిమిషం దగ్గరే ఆగి ఉంది. శనివారం సెలవు పెట్టాను. నిద్రపోయి లేచాకే చూస్తాను.

తిక్కశంకర:
అంత కష్టం ఎందుకు బ్రో, రోజ్‌బడ్ ఏంటో నేను చెప్పేయనా?

పాతరీలు:
చూడక్కర్లేదన్నారు, మీకెలా తెలుసండీ?

తిక్కశంకర:
మూడుసార్లు చూశాను లెండి.