కరి మ్రింగిన వెలగపండు: ఏనుగా, పురుగా?

లాగోస్‌వాసి: ఇక్కడ నైజీరియాలో ఏ ఇద్దరు కూర్చున్నా మాట చమురు మీదికే పోతుంది. ఒలోయిబిరిలో 1956లో చమురు పడింది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఖనిజాల రాయల్టీలో సగం అవి దొరికిన ప్రాంతానికే వెళ్లేది. ఆ వాటా తరిగి తరిగి, 1999 రాజ్యాంగంలో కనీసం 13 శాతం అయింది. చమురు దొరికే నైజర్ డెల్టావాళ్లు మా చమురు మీరు తిన్నారంటారు, మిగతావాళ్లు మాకేం మిగిలిందంటారు. ఒకరి లెక్క ఒకరు నమ్మరు. నిన్నటి నుంచీ సుమతి శతకంలోని ‘సిరి దా బోయిన బోవును’ నోట్లోనే ఆడుతోంది. తర్వాతి పాదం ‘కరి మ్రింగిన వెలగపండు కరణిని సుమతీ’లో కరి అంటే ఏనుగేనా? మా తాతయ్య పురుగు అనేవారు.

కందాభిమాని: ఏనుగే. సంస్కృతంలో ‘గజభుక్త కపిత్థవత్’, గజం తిన్న వెలగపండులా అని ఉండగా అనుమానం ఎందుకు?

పెరటిచెట్టు: గజమన్నా అక్కడ పురుగేనని చెప్పేవాళ్లున్నారండీ. మా పెరట్లో వెలగచెట్టు ఉంది. పురుగు పట్టిన కాయ చేతిలోకి తీసుకుంటేనే తేలిగ్గా ఉంటుంది. పెంకు మీద సూదిమొనంత బెజ్జం. గడప మీద కొడితే గుజ్జు ఉండదు, నల్లటి పొడి రాలుతుంది. గుజ్జు పోయి పెంకు మిగిలిన వెలగకాయను ఏనుగు లద్దెలో చూసినవాళ్లు ఇక్కడ ఎవరున్నారు?

కందాభిమాని: పురుగైతే ‘మ్రింగిన’ అంటాడా? ‘తొలిచిన’ అంటాడు. పద్యమంతా ఆ క్రియ మీదే నిలబడింది.

గోదారిగట్టు: నాకు పసిఫిక్‌లోని నౌరు ద్వీపం గుర్తొస్తుంది. 21 చదరపు కిలోమీటర్లు. ఎరువులకు వాడే ఫాస్ఫేట్ కోసం నడిమి మెట్టంతా తవ్వేశారు. జనం తీరం అంచునే సర్దుకున్నారు. 1970లలో తలసరి ఆదాయంలో ప్రపంచంలోనే ముందు వరసలో ఉన్న దేశం. ఆ డబ్బుతో మెల్‌బోర్న్‌లో కట్టుకున్న 52 అంతస్తుల మేడ 2004లో అప్పులకే పోయింది. పెంకు మిగిలింది, గుజ్జు లేదు. నా ఓటు ఏనుగుకే.

లాగోస్‌వాసి: నా బాధ అక్కడే. మింగింది ఏనుగైతే ఇదిగో అని వేలెత్తి చూపొచ్చు. పురుగైతే పక్కింటివాణ్ణి కూడా అనుమానించాలి. ఇక్కడ జరుగుతున్నది రెండోదే.

పాలవెల్లి: సిరి అంటే నాకు పోతనే. ‘కారే రాజులు’ పద్యంలో ‘సిరి మూటగట్టుకొని పోవంజాలిరే’ అంటాడు బలి. అక్కడ సిరి ఉండిపోతుంది, పోయేది రాజులు. సుమతిలో సిరే పోతుంది. ఈ తేడా ఎవరూ పట్టించుకోరు. బలి లాంటివాడు ఆఫ్రికాలోని బోట్స్వానాలో ఉన్నాడు, ఆ దేశపు తొలి అధ్యక్షుడు సెరెత్సే ఖామా. ఒరాపాలో వజ్రాలు బయటపడ్డ 1967లోనే ఖనిజ హక్కులు తెగల చేతి నుంచి దేశానికి మారేలా చట్టం చేయించాడు. ఆ నేల ఆయన సొంత తెగది. ముందు తన వాటా వదులుకున్నవాడు అడిగితే మిగతావాళ్లు ఎందుకు నమ్మరు?

కందాభిమాని: పోతన మీద వేరే పోస్టు పెట్టండి, వస్తాను. ‘మ్రింగిన’కి జవాబు ఇంకా రాలేదు.

పెరటిచెట్టు: పైరును తెగులు మింగేసిందని మా ఊళ్లో ఇప్పటికీ అంటారు. తెగులుకి నోరుందా? ఈసారి పట్టిన కాయ దొరికితే కొట్టి ఫోటో పెడతాను.