చివరి ఘడియలో స్మరణ లేకపోతే మోక్షం రాదా? పెద్దలు చెప్పగలరు

నమస్కారం. మాది హన్మకొండ. మా బాపుకు మతిమరుపు జబ్బు బాగా ముదిరింది, నన్నే గుర్తుపట్టడం లేదు. పొద్దున్నే వేయిస్తంభాల గుడికి వెళ్లొచ్చి, విష్ణు సహస్రనామం చదివితే గానీ చాయ్ ముట్టని మనిషి. ఇప్పుడు తులసి దళం చేతిలో పెడితే వేళ్లతో నలుపుతూ కూర్చుంటున్నాడు.

చుట్టాల్లో ఒకాయన వచ్చి, గీత ఎనిమిదో అధ్యాయం ప్రకారం అంత్యకాలంలో దేన్ని తలచుకుంటే దాన్నే పొందుతామని చెప్పి వెళ్లాడు. అప్పటి నుంచి అమ్మకు ఒకటే టెన్షన్. పోతన గారి గజేంద్రుడికి ఓపిక పోయినా పిలవడానికి గొంతైనా మిగిలింది, ఈయనకు అదీ లేదు కదా అని ఏడుస్తోంది.

నేను చదివినంతలో వరాహ చరమశ్లోకం, అంటే వరాహావతారంలో విష్ణువు చెప్పిన అభయ శ్లోకం, దీనికి జవాబులా ఉంది. ఒళ్లు, మనసు బాగున్నప్పుడు నన్ను తలచినవాడు చివరికి కట్టెలా, రాయిలా పడి ఉంటే నేనే వాణ్ని తలచుకుని పరమగతికి చేరుస్తానని స్వామి భూదేవికి మాటిస్తాడు. అద్వైతంలో చూస్తే మరుపు మనసుదే, ఆత్మకు అంటదు. కానీ ముక్తికి జ్ఞానం కావాలంటారు, ఈ స్థితిలో అదెలా?

శ్రీవైష్ణవ సంప్రదాయం చదివినవాళ్లు చెప్పండి: స్వామి ఇచ్చిన ఆ మాట శరణాగతి చేసినవాళ్లకేనా? బాపు సమాశ్రయణం (ఆచార్యుల దగ్గర తీసుకునే వైష్ణవ దీక్ష) తీసుకోలేదు. గీతలోని ఆ మాటకూ దీనికీ ఆచార్యులు ఎలా పొత్తు కుదిర్చారు? ఆయన పక్కన కూర్చుని మేం నామం చదివితే ఆయనకు చెందుతుందా? వరంగల్ చుట్టుపక్కల అమ్మకు ఓపిగ్గా విడమరిచి చెప్పగల పెద్దలుంటే తెలపండి, నేనే బండి మీద తీసుకొచ్చి దింపుతాను.