దేశాల మధ్య ‘గెట్టు’ అనొచ్చా?

రెండు పొరుగు దేశాల ఉద్రిక్తత మీద నవల రాస్తున్నా. అందులో సుబేదారుది పరకాల పక్క పల్లె. కశ్మీర్‌లో నియంత్రణ రేఖను అతను పొలం హద్దును పిలిచినట్టే ‘గెట్టు’ అంటాడు. రాతప్రతి చదివిన మిత్రుడు అన్నిచోట్లా కొట్టేసి ‘సరిహద్దు’ అని దిద్దాడు. గెట్టు పొలాల పంచాయితీ మాట, దేశాలకు నప్పదట.

నాకు మింగుడు పడలేదు. సరిహద్దు మాత్రం మనింట్లో పుట్టిందా? ఫారసీ ‘సర్’, అరబీ ‘హద్’ కలిసిన సర్‌హద్. అచ్చ తెలుగు ‘ఎల్ల’ ఉంది గానీ, సుబేదారు నోట అది పద్యంలా ఉంటుంది. పైగా నియంత్రణ రేఖ సరిహద్దు కానే కాదు. 1949 నాటి కాల్పుల విరమణ రేఖే 1971 యుద్ధం తర్వాత కొద్దిగా మారి, 1972 సిమ్లా ఒప్పందంతో ఆ పేరు తెచ్చుకుంది. ఎవరి సైన్యం ఎక్కడిదాకా ఉంటే అక్కడికి గీత. పట్టా కాదు, కబ్జా.

— గెట్టే ఉంచండి సార్. నాగలితో ఏడాదికో జానెడు జరిపేది గెట్టునే కదా! ఢిల్లీ ఫైళ్లలో నియంత్రణ రేఖ అని రాయండి, చాలు. చైనా వైపుదాన్ని పత్రికలు ‘వాస్తవాధీన రేఖ’ అంటాయి. సిపాయి అంత మాట పలికేలోపు అవతలివాళ్లు నాలుగడుగులు ముందుకొస్తారు.

— హన్మకొండలో దస్తావేజులు రాస్తాను, హద్దులు రాయడమే నా పని. 1949 కరాచీ ఒప్పందంలో గీత ఒకచోట ఆగిపోయి, ‘అక్కడి నుంచి ఉత్తరంగా హిమానీనదాల దాకా’ అని ఉంటది. మేము ‘ఉత్తరం: చెరువు’ అని రాసినట్టే! వానాకాలం చెరువు ఒకచోట, ఎండాకాలం ఇంకోచోట. శిఖం, అంటే చెరువు ముంపు భూముల కొట్లాటలన్నీ అక్కడే మొదలైతయి. ఆ ముక్కకు మనోళ్లు ఉత్తరాన సాల్తోరో కొండల వెంట అని అర్థం చెప్పుకుంటే, పాకిస్తాన్ ఈశాన్యంగా కారాకోరం కనుమ దాకా అన్నది. 1984 ఏప్రిల్‌లో మన సైన్యం సియాచిన్ ఎక్కింది. మనుషులుండే చోటు కాదు కదా అని ఒక్క వాక్యంతో వదిలేసిన జాగ అది.

— అన్నా, ఈ చెరువు ముచ్చట సుబేదారు నోట పెడతా. వాళ్ల నాయనకు శిఖం పక్కనే ఎకరం ఉందని ముందే రాశాను.

— దిద్దిన మిత్రుణ్ని నేనే. సరే, సుబేదారు గెట్టు సుబేదారుకే ఉండనీ. కానీ మూడో అధ్యాయంలో విదేశాంగ మంత్రి కూడా గెట్టు అంటున్నాడు, అది మాత్రం కొట్టేస్తా.